3 మి.మీ. క్లాడ్, 2 మి.మీ. మెట్టు: ఒక సెపరేటర్ గర్త్ సీమ్‌లో పగుళ్ల కేస్ స్టడీ

సెపరేటర్ (గ్యాస్‌నూ ద్రవాలనూ విడదీసే పీడన పాత్ర) షెల్ లోపలి వ్యాసం 2,400 మి.మీ. బేస్ ప్లేటు 30 మి.మీ. మందం ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 కార్బన్ స్టీల్, నార్మలైజ్ చేసినది. దాని మీద 3 మి.మీ. 316ఎల్ స్టెయిన్‌లెస్ క్లాడ్, అంటే తుప్పును ఆపే పొర. రోల్ బాండింగ్ చేసి ఎస్‌ఏ-264 కింద వచ్చిన ప్లేటు ఇది. తయారీ ఏఎస్‌ఎంఈ పీడన పాత్రల కోడ్ సెక్షన్ 8 డివిజన్ 1లో క్లాడ్ వెసెల్స్ కోసం ఉన్న యూసీఎల్ భాగం ప్రకారం. స్ట్రెంగ్త్ లెక్కల్లో క్లాడ్ మందాన్ని కలుపుకోలేదు, 30 మి.మీ. మాత్రమే లెక్క. ఈ మందానికి కోడ్ ప్రకారం పీడబ్ల్యూహెచ్‌టీ (వెల్డింగ్ తర్వాత చేసే వేడి చికిత్స) తప్పనిసరి కాదు. లోపల తడి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది కాబట్టి కొనుగోలుదారు స్పెసిఫికేషన్ దాన్ని అడిగింది.

రెండో గర్త్ సీమ్‌లో (రెండు షెల్స్‌ను చుట్టూ కలిపే అతుకు) లోపలి వైపు మొదటి స్టెయిన్‌లెస్ పొర వేశాక డై పెనెట్రెంట్ టెస్ట్ (పగుళ్లలోకి ఇంకే రంగుతో చేసే పరీక్ష) చేస్తే ఐదు ఎర్ర గీతలు లేచాయి. ఒక్కోటి 15 నుంచి 40 మి.మీ. పొడవు. ఐదూ ఒకే షెల్ వైపు, క్లాడ్ అంచు వెంబడే, సుమారు 400 మి.మీ. నిడివిలోనే ఉన్నాయి. మిగతా ఏడు మీటర్ల పైచిలుకు సీమ్‌లో ఒక్క చుక్క కూడా లేదు.

పగుళ్లు ఎక్కడ ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ లేవన్నదీ అంతే ముఖ్యం. ఎలక్ట్రోడ్ బ్యాచ్ తప్పయి ఉంటే, రాడ్ల తేమ పోగొట్టే బేకింగ్ సరిగా జరగకపోయి ఉంటే, కరెంట్ ఎక్కువైపోయి ఉంటే సీమ్ చుట్టూ ఎక్కడో ఒకచోట మళ్లీ కనిపించాలి. ఒకే వైపు, ఒకే నిడివిలో ఉన్నాయంటే అక్కడి జాయింట్ ఆకారంలోనే ఏదో తేడా ఉండాలి.

జాయింట్ ఎలా ఉండాలి

క్లాడ్ ప్లేటు వెల్డింగ్‌లో దాటరాని గీత ఒకటే: కార్బన్ స్టీల్ ఫిల్లర్ (కరిగించి నింపే లోహం) స్టెయిన్‌లెస్‌ను ముట్టుకోకూడదు. కార్బన్ స్టీల్ మీద 309 స్టెయిన్‌లెస్ లాంటి ఎక్కువ అలాయ్ ఉన్న ఫిల్లర్ వేస్తే, కింది లోహం పావు వంతు కలిసినా పొర ఆస్టెనైట్‌గా (316ఎల్‌కు ఉండే సాగే నిర్మాణం) నిలుస్తుంది. తిరగేసి 316ఎల్ మీద కార్బన్ స్టీల్ ఎలక్ట్రోడ్ ఈ7018 వేస్తే, కరిగి కలిసిన 30 శాతం క్లాడ్ వల్ల వెల్డ్‌లో 5 శాతం క్రోమియం, 3 శాతం నికెల్ చేరతాయి. వెల్డ్ కూర్పును బట్టి దాని నిర్మాణం చెప్పే షెఫ్లర్ డయాగ్రమ్‌లో ఆ బిందువు పూర్తిగా మార్టెన్‌సైట్ ప్రాంతంలో పడుతుంది. గాజులా పెళుసైన ఆ లోహంలోకి కాస్త హైడ్రోజన్ చేరి, చుట్టూ 30 మి.మీ. ప్లేటు బిగబట్టి ఉంటే పగలడానికి ఇంకేమీ అక్కర్లేదు.

అందుకే జాయింట్‌కు రెండు వైపులా లోపలి నుంచి 10 మి.మీ. వెడల్పున క్లాడ్‌ను మెషీన్ మీద తీసేస్తారు. దీన్నే స్ట్రిప్ బ్యాక్ అంటాం. లోతు క్లాడ్ మందం దగ్గర ఆగదు. 3 మి.మీ. దాటి బేస్‌లోకి ఇంకో 1 మి.మీ. వెళ్లాలి, ఎందుకంటే క్లాడ్ మందం ప్లేటంతా ఒకేలా ఉండదు, పలచని స్టెయిన్‌లెస్ పొర కంటికి కనిపించకుండా మిగిలిపోతుంది. క్లాడ్ అంచును నిటారుగా వదలకుండా 45 డిగ్రీల వాలు ఇస్తారు. చదరపు మూల ఉంటే మొదటి స్టెయిన్‌లెస్ బీడ్ కింద స్లాగ్ ఇరుక్కుంటుంది.

మొత్తం తీశామా లేదా అన్నది కాపర్ సల్ఫేట్ చెబుతుంది. 250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 4 గ్రాముల కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు కలిపిన ద్రావణం చాలు. నీటిలోకి ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలోకి నీటిని ఎప్పుడూ పోయకూడదు. తళతళలాడే చెక్కిన ఉపరితలం మీద దూదితో రాస్తే కార్బన్ స్టీల్ ఉన్నచోట వెంటనే రాగి రంగు పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ మిగిలినచోట తెల్లటి మచ్చ అలాగే ఉండిపోతుంది. చూశాక నీళ్లతో కడిగి, రాగి పొరను సన్నగా గ్రైండ్ చేసి తీసెయ్యాలి. వెల్డింగ్ వేడికి కరిగిన రాగి స్టెయిన్‌లెస్ గ్రెయిన్ల మధ్యకి చొరబడి అదే పగుళ్లకు కారణమవుతుంది. ఈ చివరి పని చాలాచోట్ల మరిచిపోతారు.

ఈ వెసెల్‌లో వెల్డింగ్ క్రమం ఇది. బయటి నుంచి 60 డిగ్రీల వీ గ్రూవ్, రూట్ ఫేస్ 3 మి.మీ. రూట్ టిగ్‌తో ఈఆర్70ఎస్-2, ఆపై 3.15 మి.మీ. ఈ7018తో రెండు పొరలు, మిగతాది సబ్‌మర్జ్డ్ ఆర్క్. రెండు పొరలు ముందే వెయ్యడానికి కారణం సబ్‌మర్జ్డ్ ఆర్క్ చొచ్చుకుపోయే లోతు. సన్నని రూట్ మీద నేరుగా పెడితే లోపలికి కారిపోతుంది. బయట పూర్తయ్యాక లోపలి నుంచి రూట్‌ను గ్రైండింగ్‌తో శుభ్రమైన లోహం దాకా చెక్కి, పెనెట్రెంట్ చూసి, ఈ7018తో నింపి, స్ట్రిప్ బ్యాక్ అడుగుతో సమానంగా, అంటే బేస్-క్లాడ్ సరిహద్దుకు 1 మి.మీ. కిందికి చదును చెయ్యాలి. ఆర్క్‌తో లోహాన్ని చెక్కే గౌజింగ్ రాడ్‌ను క్లాడ్ దగ్గరికి రానివ్వలేదు. కార్బన్ రాడ్ వదిలే కార్బన్ 316ఎల్‌కు పడదు.

ఇంతవరకూ డ్రాయింగ్ మీద అంతా బాగుంది. బేస్ వెల్డ్‌కు రేడియోగ్రఫీ కూడా పాసైంది.

మొదట వెతికిన తప్పుడు చోట్లు

పగుళ్లు కనిపించగానే మొదటి అనుమానం బ్యారియర్ పొర (కార్బన్ స్టీల్ మీద పడే మొదటి స్టెయిన్‌లెస్ పొర) ఎలక్ట్రోడ్ మీదికి వెళ్లింది. ఆ ఎలక్ట్రోడ్ 309ఎల్ మాలీ, అంటే మాలిబ్డినం కలిసిన 309ఎల్. డబ్బాల హీట్ నంబర్లు, టెస్ట్ సర్టిఫికెట్లు సరిపోయాయి. పొర మీద ఫెర్రైట్ మీటర్ (అయస్కాంతం పట్టే ఫెర్రైట్ భాగాన్ని కొలిచేది) పెడితే 15 నుంచి 25 దాకా చూపించింది. ఇంత ఎక్కువా అని కంగారు పడాల్సిన పని లేదు. పగిలిన చోటా, పగలని చోటా అంతే చూపించింది. బ్యారియర్ పొర మందం 2 మి.మీ. లోపే ఉంటుంది, దాని కింద ఉన్నది నిండా అయస్కాంతం పట్టే కార్బన్ స్టీల్. మీటర్ ఆ రెండూ కలిపి కొలుస్తుంది. పైగా మార్టెన్‌సైట్ కూడా అయస్కాంతం పట్టేదే, దాన్ని ఫెర్రైట్ నుంచి ఆ మీటర్ వేరు చెయ్యలేదు. బ్యారియర్ పొర ఫెర్రైట్‌ను రసాయన విశ్లేషణ నుంచి డయాగ్రమ్ మీద లెక్క కట్టుకోవడమే మార్గం. మీటర్‌ను చివరి 316ఎల్ పొర మీద, కింది మందం సరిపడా ఉన్నప్పుడే నమ్మాలి.

రెండో అనుమానం డైల్యూషన్, అంటే ఫిల్లర్‌లో కలిసే కింది లోహం వాటా. ఇది న్యాయమైన అనుమానం. 309ఎల్ మాలీ వెల్డ్‌లో సుమారు 23 శాతం క్రోమియం, 13 శాతం నికెల్, 2.3 శాతం మాలిబ్డినం ఉంటాయి. డైల్యూషన్ 25 శాతం అయితే పొరలో 17.3, 9.8, 1.7 మిగులుతాయి. ఆస్టెనైట్‌తో పాటు కొద్ది శాతం ఫెర్రైట్ వస్తుంది, ఇదే కావాల్సింది. 30 శాతం దాటాక ఫెర్రైట్ కరిగిపోయి వేడి పగుళ్లకు దారి తెరుచుకుంటుంది. 40 శాతానికి క్రోమియం 14 దగ్గరికి పడిపోయి మార్టెన్‌సైట్ మొదలవుతుంది. రాడ్‌ను అటూ ఇటూ ఊపుతూ వెడల్పుగా వీవింగ్ చేసినా, 3.15 మి.మీ. రాడ్‌కు 120 ఆంపియర్లు ఇచ్చినా అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. అయితే ఈ సీమ్‌లో కరెంట్ రికార్డు 90 నుంచి 95 ఆంపియర్లే. పగుళ్లు లేని నాలుగు చోట్ల పీఎంఐ గన్ (లోహంలోని మూలకాలను అక్కడికక్కడే కొలిచే పరికరం) పెడితే క్రోమియం 17 పైనే చూపింది. పగుళ్ల పక్కన మాత్రం 15 చిల్లర. అనుమానం అక్కడ ఆగిపోతే వెల్డర్ మీద తప్పు రాసేసి, ఆ 400 మి.మీ. గ్రైండ్ చేసి మళ్లీ 309 వేసేసేవాళ్లు. పగులు మళ్లీ వచ్చేది.

కింద ఏముందో చూడటం

గీతల పొడవునా 1.5 మి.మీ. గ్రైండ్ చేసి మళ్లీ పీఎంఐ పెడితే క్రోమియం 5 నుంచి 6, నికెల్ 3 చూపింది. కార్బన్ స్టీల్ అయితే సున్నా దగ్గర ఉండాలి, బ్యారియర్ పొర అయితే 15 పైన ఉండాలి. ఈ 5, 3 అంకెలు 316ఎల్‌ను కరిగించుకున్న ఈ7018వి మాత్రమే కాగలవు. పోర్టబుల్ హార్డ్‌నెస్ మీటర్ అక్కడే 390 హెచ్‌వి (వికర్స్ కాఠిన్యం) చూపింది. అదే సీమ్‌లో బేస్ వెల్డ్ 190 దగ్గర ఉంది.

అసలు సాక్ష్యం కాపర్ సల్ఫేట్ దగ్గర దొరికింది. గ్రైండ్ చేసిన పట్టీని మెత్తటి ఫ్లాప్ డిస్క్‌తో నునుపు చేసి ద్రావణం రాశారు. మామూలుగా అయితే క్లాడ్ వాలు మొదలయ్యే గీత దగ్గర రాగి రంగు తెగినట్టు ఆగిపోవాలి. ఇక్కడ రాగి ఆ గీత దాటి, 3 నుంచి 4 మి.మీ. వెడల్పున నాలుకలా వాలు మీదికి పాకింది. రంగు కూడా నిండుగా పట్టలేదు, మసకగా మచ్చలు మచ్చలుగా ఉంది. కొంచెం క్రోమియం కలిసిన ఉక్కు అలాగే ప్రవర్తిస్తుంది. ఐదు పగుళ్లూ ఆ నాలుక లోపలే పుట్టి, పైన వేసిన 309 పొరలోకి చీలుకుంటూ వచ్చాయి.

నాలుక ఎలా వచ్చింది

ఆ 400 మి.మీ. నిడివి రెండో షెల్ లాంగ్ సీమ్‌కు (చుట్టిన ప్లేటు అంచులను కలిపే నిలువు అతుకు) అటూ ఇటూ ఉంది. లాంగ్ సీమ్ దగ్గర రోలింగ్‌లో పీకింగ్ మిగిలిపోయి, షెల్ కాస్త బయటికి పొడుచుకొచ్చింది. రెండు షెల్స్ లోపలి చుట్టుకొలతలు సరిపోయినా అక్కడ మాత్రం లోపలి ముఖాల మధ్య 2 మి.మీ. మెట్టు పడింది. మొదటి షెల్ ఎత్తులో, రెండో షెల్ పల్లంలో.

షెల్స్‌ను జత కలిపే ఫిటప్ దగ్గరి తనిఖీ దీన్ని ఆపలేదు. ఆపడానికి కారణమూ కనిపించలేదు. 19 నుంచి 38 మి.మీ. మందానికి గర్త్ సీమ్‌లో కోడ్‌లోని యూడబ్ల్యూ-33 పట్టిక 5 మి.మీ. ఆఫ్‌సెట్ (రెండు అంచుల మధ్య మెట్టు) దాకా ఒప్పుకుంటుంది. ఈ ప్లేటు మీద ఉన్న క్లాడ్ మందం 3 మి.మీ. కోడ్ ఒప్పుకున్న ఆఫ్‌సెట్ క్లాడ్ కన్నా ఎక్కువ! ఆ పట్టిక బలం కోసం రాసింది. తుప్పు పట్టని పొర వరుస కలవాలన్న సంగతి దాని పరిధిలో లేదు. పైగా గేజ్ పెట్టింది బయటి నుంచి.

మెట్టు ఉన్నచోట గ్రైండర్ ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. ఎత్తులో ఉన్న షెల్ స్ట్రిప్ బ్యాక్ అడుగును ఆధారంగా పెట్టుకుని ఈ7018 వెల్డ్‌ను చదును చేశాడు. అటువైపు అంతా సరిగ్గా ఉంది. పల్లపు షెల్ వైపు ఆ చదును దాని స్ట్రిప్ బ్యాక్ అడుగు కన్నా 2 మి.మీ. పైన, అంటే బేస్-క్లాడ్ సరిహద్దు కన్నా 1 మి.మీ. పైన తేలింది. వెల్డ్‌కూ క్లాడ్ అంచుకూ మధ్య ఒక కాలువ మిగిలింది. దాన్ని పూడ్చడానికి ఇంకో ఈ7018 బీడ్ పడింది. ఆ బీడ్ అంచు క్లాడ్ వాలు ఎక్కేసింది. పని చేసినవాళ్లు అలసత్వంతో చేసింది కాదిది. కాలువ కనిపిస్తే నింపడం మంచి వెల్డర్ అలవాటు. ఈ జాయింట్‌లో ఆ అలవాటే ప్రమాదమని చెప్పే కొలత ఒక్కటీ ట్రావెలర్ షీట్‌లో (పనితో పాటు నడిచే తనిఖీల జాబితా) లేదు.

మధ్యలో పట్టుకోగలిగిన అవకాశం ఒకటి జారిపోయింది. లోపలి బేస్ వెల్డ్‌కు మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేశారు. అయస్కాంతం పట్టే కార్బన్ స్టీల్, పట్టని 316ఎల్ కలిసే గీత దగ్గర పౌడర్ ఎప్పుడూ పోగవుతుంది. అది లోపం కాదని అందరికీ తెలుసు కాబట్టి ఆ గీతను పట్టించుకోరు. ఇక్కడ అసలు పగులు ఆ దొంగ గీత మీదే కూర్చుంది. క్లాడ్ అంచుకు 10 మి.మీ. దగ్గరలో పెనెట్రెంట్ తప్ప వేరే పరీక్షను నమ్మకూడదు. అదీ వెల్డ్ చల్లారగానే కాక 48 గంటలు ఆగి చెయ్యాలి, ఎందుకంటే హైడ్రోజన్ పగుళ్లు తీరిగ్గా వస్తాయి. రేడియోగ్రఫీ ఎందుకు పట్టలేదంటే, 30 మి.మీ. ఉక్కులో 1 మి.మీ. లోతు బిగువైన పగులు, అదీ కిరణానికి వాలుగా ఉంటే, ఫిల్మ్ మీద కనబడటం అదృష్టం మీద ఆధారపడిన సంగతి.

రిపేరు

400 మి.మీ. నిడివికి రెండు చివర్లా ఇంకో 50 మి.మీ. కలిపి 500 మి.మీ. పొడవున బ్యారియర్ పొరనూ, నాలుకనూ పూర్తిగా గ్రైండ్ చేసి తీశారు. డిస్కులు స్టెయిన్‌లెస్‌కు కేటాయించిన ఐరన్ ఫ్రీ రకం. నాలుక కింద కరిగి కలిసిన క్లాడ్ అంచు కూడా చెడినట్టే లెక్క, కాబట్టి పల్లపు షెల్ వైపు స్ట్రిప్ బ్యాక్‌ను ఇంకో 8 మి.మీ. వెనక్కి జరిపి కొత్త 45 డిగ్రీల వాలు కట్టారు. తీశామనుకున్నాక పెనెట్రెంట్, ఆపై కాపర్ సల్ఫేట్. రాగి గీత నిటారుగా, నిండు రంగుతో వచ్చేదాకా ఒప్పుకోలేదు. రెండుసార్లు మళ్లీ గ్రైండ్ చెయ్యాల్సి వచ్చింది.

మిగిలింది మెట్టు. దాన్ని ఈ7018తో సర్దడం మానేసి, ఎత్తు షెల్ అడుగు నుంచి పల్లపు షెల్ అడుగు దాకా బేస్ వెల్డ్‌నే దాని వెడల్పంతా వాలుగా గ్రైండ్ చేశారు. 2 మి.మీ. ఎత్తు తేడా సుమారు 14 మి.మీ. వెడల్పులో కరిగిపోయింది. అల్ట్రాసోనిక్‌తో బేస్ మందం కొలిస్తే డిజైన్‌కు కావాల్సిన దానికన్నా పైనే ఉంది. తక్కువ వచ్చి ఉంటే ముందు బేస్‌ను ఈ7018తో కట్టి, మళ్లీ సరిహద్దు కిందికి చదును చేసి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ మొదలుపెట్టాలి. మెట్టును సర్దాల్సింది స్టెయిన్‌లెస్ పొరలే.

బ్యారియర్ పొర: 3.15 మి.మీ. 309ఎల్ మాలీ, 85 నుంచి 95 ఆంపియర్లు, డీసీ ఎలక్ట్రోడ్ పాజిటివ్, వీవింగ్ లేకుండా స్ట్రింగర్ బీడ్లు. మొదటి బీడ్ క్లాడ్ అంచుల దగ్గర, అక్కడి నుంచి మధ్యకి. ప్రతి బీడ్ తన ముందటి బీడ్ మీద సగం ఎక్కాలి, ఆర్క్ పాత బీడ్ అంచు మీద నిలబడాలి. ఆర్క్‌ను బేస్ మీద పెట్టి తోస్తే డైల్యూషన్ మొత్తం మారిపోతుంది. తేమ పోయేలా 50 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి మొదలుపెట్టారు, బీడ్‌కూ బీడ్‌కూ మధ్య ఇంటర్‌పాస్ వేడిని 150 డిగ్రీలు దాటనివ్వలేదు. 48 గంటల తర్వాత పెనెట్రెంట్ శుభ్రం.

మీద 316ఎల్ పొర. ఇక్కడ మాలిబ్డినం లెక్క ఒకటి చూసుకోవాలి. ఈ వెసెల్ మొదటి డబ్ల్యూపీఎస్‌లో (వెల్డింగ్ పద్ధతి పత్రం) బ్యారియర్‌కు మామూలు 309ఎల్ రాసి ఉంది, సమీక్షలో మార్చారు. 2.4 శాతం మాలిబ్డినం ఉన్న 316ఎల్, 25 శాతం డైల్యూషన్‌తో మామూలు 309ఎల్ మీద పడితే మిగిలేది 1.8. 316ఎల్‌కు కనీసం 2.0 ఉండాలి. కింద 309ఎల్ మాలీ ఉంటే 2.2 వస్తుంది. మందమైన ఓవర్‌లేలో మూడో పొర వేసి సరిచెయ్యొచ్చు. మొత్తం 4 మి.మీ. లోతున్న ఈ జాయింట్‌లో మూడో పొరకు చోటెక్కడిది? రిపేరు తర్వాత పైపొర మీద పీఎంఐ క్రోమియం 18, నికెల్ 11.5, మాలిబ్డినం 2.2 చూపింది. పీఎంఐ గన్ కార్బన్‌ను చూడలేదు కాబట్టి ఒకచోట చెక్కు తీసి ల్యాబ్‌లో కార్బన్ కూడా చూశారు.

ట్రావెలర్ షీట్‌లో చేరినవి

ఫిటప్‌లో ఆఫ్‌సెట్ లోపలి నుంచి కొలవాలి, 200 మి.మీ.కి ఒకచోట, గరిష్ఠం 1 మి.మీ. మందం తేడాలూ మిగతా సర్దుబాట్లూ బయటి వైపు పోనివ్వాలి. లోపలి చుట్టుకొలతలు 6 మి.మీ. తేడా ఉంటే వ్యాసార్థంలో 1 మి.మీ. వచ్చేసినట్టే, షెల్స్‌ను జత చేసే ముందే ఇది చూసుకోవాలి. చుట్టుకొలత సరిపోయినా లాంగ్ సీమ్ దగ్గర టెంప్లేట్‌తో పీకింగ్ చూడాలి, ఈ కేసులో తప్పించుకున్నది అదే.

రెండోది, బేస్ వెల్డ్ చదును చేశాక, స్టెయిన్‌లెస్ రాడ్ తాకకముందు ఒక హోల్డ్ పాయింట్, అంటే తనిఖీ అయ్యేదాకా పని ఆగాల్సిన చోటు. రెండు వైపులా విడివిడిగా, క్లాడ్ ఉపరితలం మీద స్కేల్ పెట్టి బేస్ వెల్డ్ లోతు కొలవాలి. క్లాడ్ 3 మి.మీ. అయితే కనీసం 4 రావాలి. 3.5 వచ్చినా మళ్లీ గ్రైండింగే. దానితోపాటే సీమ్ మొత్తం కాపర్ సల్ఫేట్, కడగడం, పెనెట్రెంట్. ఒక గర్త్ సీమ్‌కు ఇదంతా సగం షిఫ్టు పని. 500 మి.మీ. రిపేరుకు పట్టిన కాలంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. పగులు పీడబ్ల్యూహెచ్‌టీ తర్వాత బయటపడి ఉంటే బేస్‌ను తాకే ప్రతి రిపేరుకూ మళ్లీ ఫర్నేస్ మాట వచ్చేది.

పీడబ్ల్యూహెచ్‌టీని ఒక్కసారితో ముగించాలన్న పట్టుదలకు ఇంకో కారణం ఉంది. 600 డిగ్రీల దగ్గర బేస్ నుంచి కార్బన్ 309 పొర అంచులోకి వలస పోతుంది. సరిహద్దుకు ఒకవైపు కార్బన్ పోయి మెత్తబడిన పట్టీ, మరోవైపు కార్బైడ్లతో గట్టిపడిన పట్టీ ఏర్పడతాయి. ఎంతసేపు ఉంచితే అంత. ఫెర్రైట్ ఎక్కువున్న పొరలో పెళుసైన సిగ్మా ఫేజ్ మొదలయ్యేదీ అక్కడే. ఈ వెసెల్‌కు 610 డిగ్రీలు, 30 మి.మీ.కి గంటా పన్నెండు నిమిషాలు కనీసం కాబట్టి గంటన్నర మించకుండా పట్టి ఉంచారు. క్లాడ్‌లోని ఒత్తిళ్లు దీనితో పోతాయనుకోకూడదు. 316ఎల్ వ్యాకోచం కార్బన్ స్టీల్ కన్నా సుమారు మూడో వంతు ఎక్కువ, చల్లారేటప్పుడు క్లాడ్ మళ్లీ లాగబడే ఉంటుంది. ఈ వేడి బేస్ వెల్డ్ హార్డ్‌నెస్ కోసం. అది రిపేరు చోట 185 హెచ్‌వి, స్పెసిఫికేషన్ హద్దు 250.

ఇదే వెసెల్‌లో చివరి క్లోజింగ్ సీమ్‌కు మ్యాన్‌వే ద్వారా లోపలికి మనిషి వెళ్లగలిగాడు కాబట్టి అదే క్రమం సాగింది. చిన్న వ్యాసంలో ఆ వీలుండదు, బయటి నుంచే తుప్పు పట్టని రూట్ వేసి పైకి రావాలి. అప్పుడు రూట్ మీద ఈ7018 వెయ్యాలన్న ఆలోచనే రానివ్వకూడదు. రూట్ నుంచి బయటి క్యాప్ దాకా మొత్తం నికెల్ ఫిల్లర్‌తో, ఈఎన్‌ఐసీఆర్‌ఎంఓ-3 లాంటిదానితో నింపాలి. దానికి కోడ్‌లోని క్యూడబ్ల్యూ-217 కింద వేరే పీక్యూఆర్ (వెల్డింగ్ పద్ధతిని పరీక్షించి నిరూపించిన రికార్డు) కావాలి, రాడ్ ఖర్చూ ఎక్కువే. అయినా కార్బన్ స్టీల్ ఫిల్లర్ స్టెయిన్‌లెస్ మీద పడే దారి ఆ సీమ్‌లో అసలు ఉండదు.